ఫుల్ ఫ్రేమ్‌లో గింజంత పిట్ట

తైచుంగ్ నగరంలో మా పేట పార్కులో ఎండిపోయిన చెట్టు ఒకటుంది. ఎండిన చెట్టు కంటబడితే పార్కువాళ్ళు రంపం పట్టుకుని పరిగెత్తుకొస్తారు గానీ దీని జోలికి మాత్రం రారు. ఏటా ఐదు రంగుల పిట్ట దీని మానులో తొర్ర తొలిచి కాపురం పెడుతుంది. ఆ కాపురాన్ని ఫోటోలు తీయడానికి పదకొండుమంది రిటైరైన పెద్దమనుషులు తెల్లారకముందే ఫిరంగుల్లాంటి లెన్సులు మోసుకొచ్చి బారుతీరి నిలబడతారు. వాళ్ళ నోళ్ళలో పడే ధైర్యం ఏ ఆఫీసుకీ లేదు.

ఆ బారులో పన్నెండోవాడు చిన్-ఫా. వయసు నలభై నాలుగు, అంటే అక్కడ పసివాడి కింద లెక్క. పార్కు ఎదురుగా అతనికీ భార్య యూలాన్‌కీ టిఫిను కొట్టుంది. పెనం అతనిది, గల్లా ఆమెది. గుడ్డు అట్లు, ముల్లంగి దిమ్మలు, సోయా పాలు అయిపోయి రద్దీ తగ్గేసరికి పదవుతుంది. ఆ టైముకి వెళ్తే బారులో చోటెక్కడిది? అందుకని తెల్లవారుజామున నాలుగింటికే, కొట్టు తెరవడానికి వస్తూ, తన ఎర్ర ప్లాస్టిక్ స్టూలు, చెట్టు దగ్గరికి ఎవరూ పోకుండా కట్టిన తాడు పక్కన పెట్టి వస్తాడు. స్టూలు ఉంటే మనిషి ఉన్నట్టే. ఆరు గంటలపాటు చిన్-ఫా తరఫున స్టూలే పిట్టని చూస్తుంది. "నువ్వొచ్చాక కన్నా స్టూలున్నప్పుడే ఇక్కడ ప్రశాంతంగా ఉంటుందిరా," అంటారు పెద్దాళ్ళు.

ఇక క్యాలెండరు సంగతి. మా పేటపెద్ద ప్రతి ఏడూ ఇంటింటికీ ఒక క్యాలెండరు పంచుతాడు. పన్నెండు పేజీలు, పన్నెండు ఫోటోలు, కింద తీసినవాళ్ళ పేర్లు. మే పేజీ మీద ఐదు రంగుల పిట్ట పిల్ల గూడు వదిలే ఫోటో ఉండాలి, అది ఆనవాయితీ. ఆరేళ్ళుగా ఆ పేజీ ప్రిన్సిపాల్ చువాంగ్ గారిది, ఫోటోలు ఎంచేది కూడా ఆయనే. బడి వదిలి పదేళ్ళయినా ఆయన్నందరూ మాస్టారనే పిలుస్తారు, ఆయన కూడా అందర్నీ ఐదో తరగతిలో ఫెయిలైన వాళ్ళలాగే చూస్తాడు. ఈ ఏడు ఆయనకి కంట్లో శుక్లాల ఆపరేషనైంది. "ఈసారి మే పేజీకి నా ఫోటో పెట్టను. మీలో ఎవరిది బాగుంటే వాళ్ళదే పెడతాను," అని బారు మొత్తానికీ వినిపించేలా చెప్పాడు.

ఆ మాట చిన్-ఫా చెవిలో పడిన గంటలో కొట్టుకొచ్చిన ప్రతివాడికీ తెలిసిపోయింది, వచ్చే ఏడు మే పేజీ తనదేనని. గుడ్డు అట్టు తినడానికి వచ్చిన పోస్టుమాన్‌కి కూడా సంతకం ఎక్కడ పడుతుందో గాలిలో వేలితో చూపించాడు.

అప్పటికి అతని దగ్గరున్నది చిన్న సెన్సార్ కెమెరా, ముగ్గురి చేతులు మారి వచ్చిన ఒక పొడుగు లెన్సు. ఏడేళ్ళుగా రెండూ నమ్మకంగా పనిచేస్తున్నాయి. తప్పంతా మాస్టారి నోటిది. ఒకరోజు ఆయన చిన్-ఫా ఫోటో చూసి పెదవి విరిచాడు.

"చీకటి పడితే నీ కెమెరాకి రేచీకటి వస్తోందయ్యా. ఈ మచ్చలేమిటి, పిట్టకి అమ్మవారు పోసిందా?"

"ఏం చేయమంటారు మాస్టారూ?"

"ఫుల్ ఫ్రేమ్ కొను, పెద్ద సెన్సార్ ఉండేది. చిన్న సెన్సార్ అంటే కిటికీ ఒక రెక్క మూసుకుని ఊరు చూడటం లాంటిది."

ఊరు చూడటానికి అయితే ఆయన చెప్పింది నిజమే. పిట్టని చూడటానికి కిటికీ ఎంత ఉండాలో ఆయన చెప్పలేదు, ఇతను అడగలేదు. ఆ రాత్రి నుంచి చిన్-ఫాకి అట్టు తిప్పుతున్నా ఫుల్ ఫ్రేమే, పళ్ళు తోముకుంటున్నా ఫుల్ ఫ్రేమే.

కొత్తది కొనే స్తోమత లేదు. పాతదైనా కొనాలంటే ఇంట్లో ఉన్నది ఒక్కటే మూట, యూలాన్ తన బడి స్నేహితురాళ్ళతో పెంగ్‌హూ దీవులకి వెళ్ళడానికి మూడేళ్ళుగా దాచుకుంటున్నది. చిన్-ఫా వారం రోజులు దాని చుట్టూ పిల్లిలా తిరిగాడు. "కళ్ళు మూసుకుని నొక్కినా సరే, ఫోకస్ అదే చూసుకుంటుందే," అన్నాడు. "నల్లటి చీకట్లో కూడా పిట్ట కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చే," అన్నాడు.

యూలాన్ గల్లా దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళందర్నీ "ఏం కావాలి అందగాడా, ఏం కావాలి అందగత్తే" అని పలకరిస్తూనే మధ్యలో అతనికి జవాబు చెప్పింది.

"తీసుకో. కానీ మే పేజీ మీద నీ పేరు పడాలి. పడకపోతే ఆ కెమెరా అమ్మేసి ఆ డబ్బుతో నేను పెంగ్‌హూ వెళ్తాను. నాలుగు రోజులు కొట్టు, పెనం, గల్లా అన్నీ నువ్వొక్కడివే."

"పడుతుంది లేవే."

"పడుతుందనే మా వదినక్కూడా చెప్పాను. నా పరువు కూడా అందులోనే ఉంది, చూసుకో."

పాత కెమెరాల దుకాణంలో కుర్ర యజమాని కెమెరాని గుడ్డతో తుడుస్తూ మామూలుగానే అడిగాడు, "ఏం తీస్తారు సార్?"

అసలు ఈ కథంతా జరక్కుండా ఆగిపోవాల్సిన చోటు అదే. పిట్టల్ని తీస్తానని చెప్పి ఉంటే ఆ కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టేవాడు. కానీ ఫిరంగి తాతయ్యలంటే కెమెరా దుకాణాల్లో ఎంత చులకనో చిన్-ఫాకి తెలుసు. తాతయ్యల్లో ఒకడనిపించుకోవడం ఇష్టంలేక, గొంతు సవరించుకుని, "అన్నీ తీస్తాను. మనుషులు, కొండలు, వీధులు," అన్నాడు.

"అయితే మీకిది అచ్చం సరిపోతుంది," అన్నాడు కుర్రాడు. పాపం, అబద్ధం చెప్పింది అతను కాదు.

పాత కెమెరాని గ్వేమే అక్కకి అమ్మేశాడు. ఆమె బారు పక్కనే తోపుడు బండి పెట్టుకుని జామకాయ ముక్కల మీద రేగుపొడి చల్లి అమ్ముతుంది. నాలుగేళ్ళుగా అక్కడే నిలబడి చూడటంతో పిట్టల ఇంటిగుట్టు ఆమెకి తెలిసినంతగా ఆ పిట్టలకి కూడా తెలియదు. ఏ పూట ఏ పండు తెచ్చింది, మగడు ఎన్నిసార్లు ఊరికే వచ్చిపోయాడు, అంతా నోటి మీదే ఉంటుంది. కెమెరాతోపాటు వచ్చిన పొట్టి లెన్సుతో ఆమె తీసిన ఫోటోల్లో పిట్ట చుక్కలా ఉండేది. అయినా మురిసిపోయేది.

కొత్త కెమెరాతో మొదటి రోజు చిన్-ఫా బారులోకి పెళ్ళికొడుకులా నడిచొచ్చాడు. పెద్దాళ్ళంతా దాన్ని చేతుల్లోకి తీసుకుని బరువు చూశారు, చప్పుడు విన్నారు. మాస్టారు తలూపాడు. చిన్-ఫా తన పొడుగు లెన్సు బిగించి, కన్ను ఆనించి చూశాడు.

పిట్ట పారిపోతోందేమో అనిపించింది. కన్ను తీసి మామూలుగా చూస్తే చెట్టు ఉన్నచోటే ఉంది. మళ్ళీ కన్ను ఆనించాడు. చెట్టు మొత్తం కనిపిస్తోంది, పక్క చెట్టు కనిపిస్తోంది, వెనక ప్రహరీ గోడ, దాని మీద ఎవరో ఆరేసిన తువ్వాలు కూడా కనిపిస్తున్నాయి. వాటన్నిటి మధ్యలో తొర్ర, తొర్రలో పచ్చటి గింజ ఒకటి. అది పిట్ట.

అయిదు నిమిషాలు కెమెరా చెడిపోయిందనుకున్నాడు. తర్వాత రెండు నిమిషాలు లెన్సుని తిట్టాడు. ఆ తర్వాత, పెనం ముందు ఇరవై ఏళ్ళు నిలబడ్డ మనిషి కాబట్టి, విషయం అర్థమైంది. గుడ్డు అదే గుడ్డు. చిన్న పెనం మీద కొడితే పెనమంతా పరుచుకుంటుంది. పెద్ద పెనం మీద కొడితే ఓ మూల పడి ఉంటుంది. తను పెద్ద పెనం కొన్నాడు తప్ప గుడ్డుని పెద్దది చేయలేదు. ఇన్నాళ్ళూ పాత కెమెరా అంచులు కోసేసి మధ్యముక్క మాత్రమే వడ్డిస్తోంది గనకే పిట్ట నిండుగా కనిపించేది.

"ఏమిటయ్యా, మొహం అలా పెట్టావు?" అన్నాడు మాస్టారు.

"ఏం లేదు మాస్టారూ. చాలా విశాలంగా ఉంది."

ఆయన కెమెరా వెనక తెర చూశాడు. కళ్ళజోడు పైకి తోసి మళ్ళీ చూశాడు. "తువ్వాలు బాగా వచ్చింది. పిట్టేదీ?"

బారు బారంతా లెన్సులు వదిలేసి నవ్వింది. "మీరేగా ఫుల్ ఫ్రేమ్ కొనమన్నది," అన్నాడు చిన్-ఫా.

"కొనమన్నాను. దానికి తగ్గ లెన్సు లేకుండా కొనమనలేదే. నా ఫిరంగి చూశావా, దీని ఖరీదులో మీ కొట్టు వస్తుంది. ఎడ్లు లేకుండా బండి కొన్నవాడిని నిన్నే చూశాను."

"ఇంటికెళ్ళి కంప్యూటర్లో మధ్యముక్క కోసుకుంటాను లెండి."

"కోసుకో. కోస్తే మిగిలేది నీ పాత కెమెరా ఇచ్చేదాంట్లో సగం కూడా ఉండదు. క్యాలెండర్ మీద పేజీ అంత పెద్దది చేస్తే పిట్టకి ముక్కు ఎటుందో చెప్పడానికి బాణం గుర్తు వేయాలి."

చిన్-ఫా కోసి చూశాడు. మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. దగ్గరికి వెళ్దామంటే తాడు అడ్డం. తాడు దాటి గూటి దగ్గరికి పోయినవాడిని బారులోంచి వెలేస్తారు, వాడి స్టూలు కూడా తీసి బయట పడేస్తారు. ఓ రోజు లెన్సుని తాడు మీదుగా మూర చాపి చూశాడు. మూర దగ్గరికి జరిగితే మూరంత లాభమే వచ్చింది.

ఇంట్లో సంగతి ఇంకా కష్టం. యూలాన్ రోజూ సాయంత్రం చెయ్యి చాపేది. "ఏదీ, ఇవ్వాళ్టిది చూపించు." అతను ఫోన్లో ఫోటో పెట్టి, రెండు వేళ్ళతో సాగదీసి, పిట్ట నిండుగా అయ్యాక అప్పుడు చూపించేవాడు. ఆమె చూసి, రెండు వేళ్ళతో మళ్ళీ వెనక్కి ముడిచేది.

"ఇదేమిటయ్యా, గోడ కొన్నావా?"

"చుట్టూ వాతావరణం ఉంటే ఫోటోకి అందమే."

"పెంగ్‌హూలో కూడా వాతావరణం బాగుంటుందట," అనేది ఆమె, గిన్నెలు సర్దుకుంటూ.

నిజం చెప్పడానికి నోరు రాలేదు. చిన్న సెన్సార్ ఉన్నది కెమెరాలో కాదు, తన పుర్రెలోనేనని స్టూలుకి మాత్రం చెప్పుకున్నాడు, తెల్లవారుజామున నాలుగింటికి, పక్కన ఎవరూ లేనప్పుడు. అప్పటికప్పుడు గ్వేమేని అడిగి పాత కెమెరా వెనక్కి తీసుకుంటే సరిపోయేది. రెండుసార్లు ఆమె బండి దాకా వెళ్ళాడు కూడా. రెండుసార్లూ జామకాయలు కొనుక్కుని వచ్చాడు. ఆమె ఆ కెమెరాకి పూల గుడ్డతో సంచీ కుట్టుకుంది. సంచీ చూశాక ఎవడడుగుతాడు?

మే నెల మధ్యలో ఓ ఉదయం చిన్-ఫా వచ్చేసరికి గ్వేమే బండి మూతపెట్టి తాడు దగ్గర నిలబడి ఉంది.

"తమ్ముడూ, ఇవ్వాళే," అంది.

"ఏమిటక్కా?"

"పొద్దుటి నుంచి తల్లి ఒక్క పండు కూడా లోపలికి ఇవ్వలేదు. ముక్కున పెట్టుకుని ఎదురు కొమ్మ మీద కూర్చుని ఊరిస్తోంది. ఆకలేసి పిల్ల బయటికి రావాలని. మధ్యాహ్నం దాటదు."

మాట బారంతా పాకింది. పదకొండు ఫిరంగులూ తొర్ర వైపు తిరిగాయి. పదకొండున్నరకి పిల్ల తల బయటపెట్టింది. ఆకుపచ్చ మొహం, ముక్కు కింద పసుపు, గడ్డం మీద ఇంకా రంగు తేలని ఎరుపు మరక. సగం ఒళ్ళు బయటికి వంచి, కిందకి చూసి, భయపడింది.

బారు మీద ఒక్కసారిగా వడగళ్ళ వాన పడ్డట్టు చప్పుడైంది. పదకొండుమందీ మీట మీద వేలు తీయకుండా కాల్చేస్తున్నారు. చిన్-ఫా కూడా కన్ను ఆనించాడు. పచ్చటి గింజ పక్కన ఇంకో పచ్చటి గింజ. అంతే. అతనికి ఒక్కసారి యూలాన్, వాళ్ళ వదిన, పోస్టుమాన్ ముగ్గురూ కళ్ళ ముందు నిలబడ్డారు.

పక్కన గ్వేమే పొట్టి లెన్సుతో అవస్థ పడుతోంది. అతను తన కెమెరా వైపు చూశాడు. ఆమె కెమెరా వైపు చూశాడు. ఇద్దరిదీ ఒకే కంపెనీ. ఇతని లెన్సు దానికి ఏడేళ్ళు బిగించి ఉన్నదే.

"అక్కా, ఆ కెమెరా ఇటివ్వు."

ఆమె మారుమాట్లాడకుండా ఇచ్చింది. అతను పొట్టి లెన్సు ఊడదీసి ఆమె ఏప్రన్ జేబులో పడేసి, తన పొడుగు లెన్సు తిప్పి బిగించాడు. టక్కుమంది. ఇల్లు చేరిన కోడలి గాజుల చప్పుడంత ముచ్చటగా వినిపించింది ఆ టక్కు.

"నువ్వు తియ్యి తమ్ముడూ," అంది గ్వేమే. "క్యాలెండర్ నీదే కదా. కొట్టంతా చెప్పుకున్నావు. నేను ఎదురుగానే ఉన్నాగా, విన్నాను."

"కెమెరా నీది."

"లెన్సు నీది. త్వరగా కానియ్యి, బేరాలాడటానికి ఇది చేపల మార్కెట్టా?"

అతను కన్ను ఆనించాడు. అంతా మసక. పిట్ట పెద్దదిగానే ఉంది గానీ నీళ్ళలో వేసిన రంగులా ఉంది. కంటి గాజు పక్కనుండే చిన్న చక్రాన్ని గ్వేమే ఎప్పుడో తన చత్వారానికి సరిపోయేలా తిప్పి పెట్టుకుంది. అది తిప్పి సరిచేసుకోవడానికి అరనిమిషం పడుతుంది.

సరిగ్గా అప్పుడే పిల్ల తల లోపలికి లాక్కుంది. బారులో చప్పుడు తగ్గింది. తగ్గిందంటే ఆగింది. గుక్క తిప్పుకోకుండా వందల ఫోటోలు మింగిన కెమెరాలన్నీ వాటిని కార్డులోకి దింపుకోవడానికి ఒక్కసారిగా బిగుసుకుపోయాయి. మాస్టారు మీట నొక్కుతున్నాడు, కెమెరా పలకడంలేదు. "ఒరేయ్, ఇప్పుడా," అని దాన్ని బతిమాలుతున్నాడు.

ఎదురు కొమ్మ మీంచి తల్లి లేచింది. దాని రాకడ చూసి గ్వేమే, "ఇప్పుడొస్తుంది," అని గొణిగింది, ఎవరితోనూ కాదు.

చిన్-ఫా కన్ను తీసి, కెమెరాని ఆమె చేతిలో పెట్టాడు. "నాకు మసగ్గా ఉందక్కా. నువ్వే నొక్కు."

ఆమె మూడంటే మూడుసార్లు నొక్కింది.

మూడోది మే పేజీ. పిల్ల తొర్రలోంచి సగానికి పైగా బయటపడి ఉంది, రెక్క ఒకటి విప్పింది, ఒకటి విప్పలేదు. తల్లి ముక్కులో ఎర్రటి పండు, పిల్ల ముక్కుకి వేలెడు దూరంలో. మాస్టారు ఆ చిన్న తెర మీదకి వంగి చాలాసేపు చూశాడు. మచ్చలున్నాయని అనలేదు. "నీ పేరు ఏ అక్షరాలతో రాయాలమ్మా?" అని గ్వేమేని అడిగాడు. జేబులోంచి పెన్ను తీసిన తర్వాత మాత్రం, "జామకాయలమ్మిని చూసి నేర్చుకోండిరా," అని బారు మొత్తానికీ చీవాట్లు పెట్టాడు. ఆ మొత్తంలో తనూ ఉన్నాడన్న సంగతి ఆయనకి తట్టలేదు.

మర్నాడు కొట్లో చిన్-ఫా కథ మొదలుపెట్టాడు. ముందు తనని తనే తిట్టుకున్నాడు, ఎవరైనా తిట్టేలోపు. పెద్ద పెనం, చిన్న గుడ్డు కథ చెప్పాడు. కుర్ర దుకాణదారు దగ్గర కొండలూ వీధులూ అని కోసిన కోతలు చెప్పాడు. పోస్టుమాన్ నవ్వి నవ్వి సోయా పాలు ముక్కులోకి తెచ్చుకున్నాడు. "చివరికి పేజీ చేతిదాకా వచ్చింది కూడా. కన్ను పెడితే అంతా మసక. ఏం చేస్తాం, ఇచ్చేశాను. నా మొహానికి మే నెల రాసిపెట్టి లేదు. ఫిబ్రవరి ఇస్తారేమో, అదీ ఇరవై ఎనిమిది రోజులకే," అన్నాడు.

అందరూ వెళ్ళాక యూలాన్ గల్లా మూసి, అతని పక్కకి వచ్చి నిలబడింది.

"మసగ్గా ఉంటే ఏమయింది?"

"ఏమవడమేమిటే, కనపడకపోతే ఎలా తీస్తారు?"

"ఫోకస్ కెమెరానే చూసుకుంటుంది కదా. కళ్ళు మూసుకుని నొక్కినా చాలన్నావు."

"అది కొత్తదాని సంగతి."

"పాతది కొన్నప్పుడూ ఇదే చెప్పావు. ఏడేళ్ళ కిందట, మా అమ్మ పెట్టిన గొలుసు అమ్మిన డబ్బులో సగం అడిగినప్పుడు."

చిన్-ఫా పెనం గీకుతున్నాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న పెనం. గీకుతూనే, "ఆవిడ అక్కడ నాలుగేళ్ళుగా నిలబడుతోందే," అన్నాడు. "నా తరఫున నిలబడింది స్టూలే కదా."

యూలాన్ తడిగుడ్డ తీసుకుని, పెనం అవతలి సగం తుడిచింది.

"పందెం మాత్రం పందెమే," అంది తర్వాత. "జూన్ పదమూడున బయల్దేరుతున్నాం. మా వదిన కూడా వస్తోంది. ఆవిడకి నువ్వే చెప్పు, పేరెందుకు పడలేదో. నేనైతే ఆ మసక కథ చెప్పలేను, నవ్వొస్తుంది."

కుర్ర దుకాణదారు కెమెరాని వెనక్కి తీసుకున్నాడు, కొంచెం తరుగు పట్టుకుని. ఆ తరుగుకి సరిపడా యూలాన్ నాలుగు రోజుల ప్రయాణంలో ఒకరోజు చేపల భోజనం మానేయాల్సి వచ్చింది. దానికి బదులు ఏడాదిపాటు వారానికో చేప తనే వండుతానని చిన్-ఫా ఒప్పుకున్నాడు. ఇప్పుడు అతని దగ్గర లెన్సుంది, కెమెరా లేదు. గ్వేమే దగ్గర కెమెరా ఉంది, పొడుగు లెన్సు లేదు. బారులో రెండు స్టూళ్ళు పక్కపక్కనే పడుతున్నాయి. సోమ బుధ శుక్రవారాలు ఆమెవి, మంగళ గురువారాలు ఇతనివి, శని ఆదివారాలు ఎప్పుడూ గొడవే.

జూన్ పదిహేనున కొట్లో చిన్-ఫా ఒక్కడే. ఒక చేత్తో అట్టు తిప్పుతూ, రెండో చేత్తో చిల్లర ఇస్తూ, ఒకడికి ముల్లంగి దిమ్మ బదులు చిల్లర, ఇంకొకడికి చిల్లర బదులు ముల్లంగి దిమ్మ ఇచ్చాడు. పోస్టుమాన్ జాలిపడి లేచి గ్లాసులు తనే కడిగాడు. ఆ హడావుడిలో ఫోన్ మోగింది. యూలాన్ పెంగ్‌హూ నుంచి ఫోటో పంపింది. నీలం సముద్రం, నీలం ఆకాశం, ఓ మూల నల్లటి చుక్క.

"ఇదేం పిట్టయ్యా, చెప్పు," అని కింద రాసింది.

చిన్-ఫా రెండు వేళ్ళతో సాగదీశాడు. ఇంకా సాగదీశాడు. చుక్క పెద్ద చుక్క అయింది. ఒప్పుకోవడం ఇష్టంలేక ఫోటోని ఎదురుగా ఉన్న గ్వేమేకి పంపాడు. ఆమె బండి దగ్గర్నుంచే కళ్ళజోడు పైకి తోసి చూసి, రోడ్డు అవతల్నుంచి కేకేసింది.

"అది పిట్ట కాదు తమ్ముడూ, గాలిపటం. కింద దారం కనిపిస్తోంది చూడు."